ఫ్యాన్ హౌస్ ముందు పెట్టె

ట్రాన్స్‌ఫార్మర్ పేలిన చప్పుడుకు కాలేజీలో ఉన్న కొద్దిమందీ గేటు వైపు పరుగెత్తారు. సంధ్యారాణి ఒక్కతే ఎదురు దిశలో, లాబ్‌లోకి పరుగెత్తింది.

లాబ్ చివర గోడకు ఆనించి ఉంది డీప్ ఫ్రీజర్. నిలువుగా ఉండే రకం కాదు. మంచంలా అడ్డంగా పడుకున్న పొడవాటి తెల్ల పెట్టె. దాని మోటారు ఆగిపోయింది. పక్కనున్న చిన్న డిస్‌ప్లే మాత్రం బ్యాటరీ మీద వెలుగుతోంది. మైనస్ డెబ్బై ఎనిమిది.

ఆమె మూత మీద రెండు చేతులూ ఆనించి నిలబడిపోయింది, ఎవరో వచ్చి తెరవబోతున్నట్టు.

ఆ పెట్టెలో ఒక రాక్ ఉంది. రాక్‌లో సన్నటి గాజు గొట్టాలు. ఒక్కో గొట్టం అడుగున చక్కెర పలుకులంత స్ఫటికాలు. నిండు వంకాయ రంగు.

మన రక్తం ఇనుముతో గాలిని మోస్తుంది. పీత రక్తం రాగితో మోస్తుంది. ఆ రాగి ఆక్సిజన్‌ను ఎలా పట్టుకుంటుందో చూడాలంటే పీతను కోస్తే చాలదు. అదే పని చేసే చిన్న అణువును చేతులతో కట్టాలి. సంధ్యారాణి అది కట్టింది. గోదావరిఖని శివార్లలోని ఆ పీజీ కాలేజీలో, నల్లా నీళ్లు ఒక పూట వచ్చి ఒక పూట రాని లాబ్‌లో, నాలుగేళ్ల పాటు. గడ్డకట్టే చలిలో ఉన్నంతసేపు ఆ రాగి ఊపిరి పట్టుకుని వంకాయ రంగులో ఉంటుంది. వేడి తగిలిందా, ఊపిరి వదిలేసి ఆకుపచ్చగా మారిపోతుంది. మళ్లీ చల్లబరిచినా వెనక్కి రాదు.

స్ఫటికాలు ఒకే ఒక్కసారి కట్టాయి, ఈ వానాకాలంలో. వాటిని హైదరాబాద్ తీసుకెళ్లి ఎక్స్‌రే కింద పెడితే లోపల ఏ అణువు ఎక్కడుందో తెలుస్తుంది. అదే ఆమె థీసిస్. తారీఖు కూడా ఇచ్చారు. ఆ తారీఖు రాకముందే సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు బంద్. రైళ్లు బంద్. బొగ్గు బాయిలు బంద్. ఫెలోషిప్ ఈ డిసెంబరుతో ఆఖరు. మళ్లీ చేద్దామంటే రాగి చుట్టూ అల్లే పదార్థం సీసాలో అడుగంటిపోయింది.

"అక్కా!" అనస్ రొప్పుతూ వచ్చాడు. లాబ్‌లో ఆమె తర్వాత చేరిన కుర్రాడు, గంగానగర్ మెకానిక్ ఇంటి బిడ్డ. "మొత్తం కాలిపోయింది. కాయిల్ కూడ పోయిందట."

"లైన్‌మన్‌కు ఫోన్ చేసినవా?"

"చేసిన. సమ్మె టెంటుల కూసున్నడు. తెలంగాణ వచ్చినంక బాగుచేస్త తమ్మీ, అప్పటిదాంక ఓపిక వట్టు అన్నడు."

"జనరేటర్?"

"డీజిల్ యాడుంది అక్కా? బంకులన్ని మూసిండ్రు."

"పశువుల దవాఖాన?"

ఆ ఆలోచన ఇంతకుముందు అనస్ చెప్పిందే. ఎద్దుల వీర్యం దాచడానికి అక్కడ లిక్విడ్ నైట్రోజన్ ఉంటుంది. దాంట్లో ముంచితే గొట్టాలు ఎన్ని రోజులైనా ఆగుతాయి.

"ఫోన్ చేసిన. వాళ్లకు లారీ రాక ఎన్నో దినాలైంది. ఉన్నది క్యాను అడుగుకొచ్చింది. మీ రాగి బతకాల్నా, మా ఎద్దు బతకాల్నా అని అడిగిండు కాంపౌండర్. నేనేం జెప్పాలె?"

సంధ్య ఫోన్ మోగింది. గైడు సదానందం సార్. సమ్మెకు ముందు మీటింగుకని హైదరాబాద్ వెళ్లి అక్కడే చిక్కుకుపోయాడు.

"మూత మాత్రం తెరవొద్దమ్మా," అన్నాడు సార్ అంతా విని. "తెరవకపోతే సాయంత్రం దాకా నిలుస్తుంది. మైనస్ నలభై దాటిందంటే అయిపోయినట్టే. ఎక్కడైనా కరెంటు దొరుకుతుందేమో చూడు."

"ఎక్కడ సార్?"

"నేనిక్కడి నుంచి ఏం చెప్పనమ్మా," అన్నాడు సార్.

ఫోన్ పెట్టేశాక ఆమెకు చప్పుడు వినిపించింది. చిన్నప్పటి నుంచి చెవుల్లో ఉన్న చప్పుడు కాబట్టి రోజూ వినపడేది కాదు. దూరంగా, పాత ఇంక్లైన్ గని వైపు నుంచి, తేనెటీగల తుట్టె కదిలినట్టు ఒక రొద. గని ఫ్యాను.

బొగ్గు తీయడం ఆగింది. లారీలు ఆగాయి. కానీ ఫ్యాను ఆగలేదు. ఆగకూడదు. ఆగితే గనిలో గ్యాస్ నిండుతుంది. అందుకే సమ్మె మొదలైన రోజే యూనియన్లన్నీ కూర్చుని రెండు పనులకు మినహాయింపు ఇచ్చాయి. నీళ్లు తోడే పంపులు, గాలి పంపే ఫ్యాను. వాటికి కరెంటు ఎప్పుడూ పోదు.

ఆ ఫ్యాన్ హౌస్‌లో డ్యూటీ చేస్తున్నది ఆమె తండ్రి లింగమూర్తి.

"బాపు, నాకు ఒక్క ప్లగ్గు గావాలె," అంది ఫోన్‌లో.

"ఏం ప్లగ్గు బిడ్డా?"

చెప్పింది.

"ఈడ కరెంటు ఫ్యానుకే," అన్నాడు లింగమూర్తి. "నేను ఛాయ్ కాసుకునే హీటర్ గూడ తీసి పక్కన వెట్టిన. ఇప్పటికే సమ్మెల డ్యూటీ జేస్తున్నవని యూనియన్ నర్సింగం నన్ను ఎక్కిరిస్తున్నడు."

"బాపు, నాలుగేండ్ల కష్టం."

"ఎంత కరెంటు తింటది?"

"ఇంట్ల ఫ్రిజ్జు కన్న జెర ఎక్కువ."

ఫ్యాను రొద మధ్య అతను ఏదో పక్కకు జరిపిన చప్పుడు.

"తీస్కరా," అన్నాడు. "గోడకు పాత ప్లగ్గొకటున్నది. నర్సింగానికి నేను జెప్త. నువ్వచ్చినంక జెప్త. ముందుగాల జెప్తే వద్దంటడు."

అక్కడ తండ్రి ఒక పొరపాటు చేశాడు. రెండోది కూతురు చేయబోతోంది.

* * *

అనస్ మేనమామ జలాలుద్దీన్‌కు ట్రాలీ ఆటో ఉంది. ట్యాంకులో మిగిలిన డీజిల్ ఇంటి అవసరానికని దాచుకున్నాడు. మేనల్లుడు అడిగితే తీసుకొచ్చాడు.

నలుగురు పట్టి పెట్టెను ఎక్కించారు. ఎండ చుర్రుమంటోంది. చలి నిలవాలని సంధ్య హాస్టల్ బొంతలు రెండు పెట్టె చుట్టూ చుట్టింది. ఎండ తగలకుండా వాటి మీద తెల్లటి దుప్పటి కప్పింది. తాళ్లతో బిగించి కట్టింది. డిస్‌ప్లే కనపడేలా ఒక మూల దుప్పటి మడిచి, అక్కడే కూర్చుంది. మైనస్ అరవై తొమ్మిది.

జలాలుద్దీన్ దూరం నుంచి ఒకసారి బండిని చూసి గడ్డం గోక్కున్నాడు.

"క్యారే అనస్, యే తో మయ్యత్ దిస్‌రీ," అన్నాడు. శవంలా ఉందిరా అని.

"చలో మామూ, టైం నహీ," అన్నాడు అనస్.

ఎవరూ నవ్వలేదు. ఎవరూ ఆలోచించలేదు కూడా.

చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. అడ్డంగా రాళ్లు, టైర్లు. పక్కన టెంటు. కర్ర పట్టుకున్న ఒక మనిషి రోడ్డు మధ్యకు వచ్చాడు.

"ఏయ్ ట్రాలీ! ఆపు ఆపు! సమ్మె ముచ్చట ఎర్కలేదా? యాడికి లగాయించినవ్?"

జలాలుద్దీన్ బ్రేకు వేశాడు. ఆ మనిషి వెనక్కి నడిచి వచ్చాడు. తెల్ల దుప్పటి చూశాడు. తాళ్లు చూశాడు. పెట్టె పొడవు చూశాడు. పెట్టె మీద చెయ్యి వేసి కళ్లు ఎర్రబడి కూర్చున్న ఆడపిల్లను చూశాడు.

కర్ర కిందికి దిగింది.

"అయ్యో," అన్నాడు. "ఎవలు బిడ్డా?"

సంధ్యకు అప్పుడు అర్థమైంది. ఐస్ పెట్టె అనుకుంటున్నాడు. ఊళ్లో ఎవరైనా పోతే దూరపు బంధువులు వచ్చేదాకా ఉంచడానికి అద్దెకు తెచ్చే పెట్టె. అదీ ఇంత పొడవే, ఇంత తెలుపే.

సమ్మె మూడింటికి దారి విడుస్తుంది. పాలకు, దవాఖానకు, చావుకు. రసాయనాలకు కాదు. నిజం చెబితే ఇక్కడ ఆపి, లీడరును పిలిచి, లీడరు ఇంకో లీడరుకు ఫోన్ చేసి, వాళ్లు మాట్లాడుకునేలోపు డిస్‌ప్లే నలభై చూపిస్తుంది.

ఆమె నోరు తెరవలేదు. తల దించుకుంది. అంతే.

"మావోళ్లే కాకా," అనేశాడు అనస్.

"ఏ దిక్కు తీస్కపోతున్నరు?"

"పాత ఇంక్లైన్ దిక్కు," అన్నాడు జలాలుద్దీన్. నిజమే చెప్పాడు. ఆ నిజమే కొంప ముంచింది.

ఆ మనిషి ముఖం మారిపోయింది. బొగ్గు బాయిల ఊళ్లో శవాన్ని శ్మశానానికి కాకుండా గని గేటుకు తీసుకెళ్తున్నారంటే ఒకటే అర్థం. పోయినవాడు కార్మికుడు. పనిలో పోయాడు. గేటు ముందు పెట్టి అడగాల్సింది ఏదో ఉంది.

"దారియ్యిండ్రి!" అని అరిచాడు. "మనోడే! బాయి మనిషే!"

రాళ్లు జరిగాయి. టైర్లు పక్కకు దొర్లాయి. గరిటె పట్టుకున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. ఎవరో టెంటుకు కట్టిన బంతిపూల దండ తెంపి పెట్టె మీద వేశారు. కొందరు చేతులు జోడించారు.

ట్రాలీ కదిలింది. అనస్ దండ తీయబోయాడు.

"ఉండనియ్," అన్నాడు జలాలుద్దీన్. "ముంగట ఇంకో అడ్డ ఉన్నది."

వెనక ఆ మనిషి సెల్‌ఫోన్ చెవి దగ్గర పెట్టుకోవడం సంధ్య చూసింది. ఎవరికి చేస్తున్నాడో ఆమెకు తోచలేదు.

* * *

పాత ఇంక్లైన్ గేటు ముందు రోజూ డప్పు మోగుతూ ఉంటుంది. పాటలు, ఉపన్యాసాలు, పేకాట. ట్రాలీ మలుపు తిరిగేసరికి డప్పు లేదు. మైకు లేదు. రోడ్డుకు రెండు వైపులా మనుషులు వరుసగా నిలబడి ఉన్నారు. టోపీలు, తలగుడ్డలు చేతుల్లోకి వచ్చాయి.

"యా అల్లా," అన్నాడు జలాలుద్దీన్ మెల్లగా.

డిస్‌ప్లే మైనస్ యాభై ఎనిమిది.

ఫ్యాన్ హౌస్ గేటు లోపలే ఉంది. ఇనుప తలుపు ముందు లింగమూర్తి తాళాల గుత్తి పట్టుకుని నిలబడ్డాడు. అతనికీ ఏమీ అర్థం కావడం లేదు. తనకు చెప్పకుండా ఇంతమంది ఎందుకు పోగయ్యారో తెలియదు.

యూనియన్ లీడరు నర్సింగం ముందుకు వచ్చాడు. అరవైకి దగ్గర మనిషి. కోల్‌కట్టర్‌గా గనిలో బొగ్గు నరికినవాడు. గొంతు బొంగురు.

"ఫోనొచ్చింది," అన్నాడు. "దించుండ్రి మెల్లగ. తల దిక్కు ఇద్దరు వట్టుండ్రి. తల ఏ దిక్కున్నదిర?"

"తల లేదు కాకా," అన్నాడు అనస్ కంగారులో.

"తల లేదా!"

ఆ మాట గుంపులో వెనకదాకా పాకింది. ఒకామె "ఓ అవ్వా" అని గుండె మీద కొట్టుకుంది. రాత్రి పంపు డ్యూటీలో పైబండ కూలి మీద పడిందని ఒకరు, సమ్మెలో దొంగతనంగా కాంట్రాక్టు మనిషిని దించారని ఒకరు. రెండు నిమిషాల్లో లేని మనిషికి చావు తయారైంది. ఇక పేరు ఒక్కటే తక్కువ.

సంధ్య ట్రాలీ మీద నుంచి దూకింది.

"కాకా, ఇది పీనుగ గాదు!"

ముందువరస మొత్తం నర్సింగం వైపు తిరిగింది.

"మరేంది?" అన్నాడు నర్సింగం.

"నా సామాను. కాలేజీల చేసింది. కరెంటు లేక పాడైపోతుంటె బాపు తానికి తెచ్చిన."

"చౌరస్తల పీనుగని జెప్పినవట?"

"నేను చెప్పలే కాకా. వాళ్లే అనుకున్నరు."

"అనుకుంటే గాదని జెప్పద్దా బిడ్డా? దండ గూడ ఏపిచ్చుకొని అస్తివి గద!"

ఎవరో నవ్వారు. ఎవరో "చదువుకున్న తెలివి" అన్నారు. ఆ నవ్వుల్లో కోపం ఉంది. టోపీలు తీసి నిలబడ్డ మనుషుల కోపం అది.

"లోపట ఏమున్నది?" అన్నాడు నర్సింగం.

సంధ్య తొందరలో ఉంది. పొట్టిగా చెప్పాలనుకుంది.

"రాగి," అంది.

ఆ ఒక్క మాట ఆ గేటు ముందు అనకూడనిది. సమ్మె మొదలైన వారంలోనే గని లోపలి కేబుల్ కోసి ఎవరో రాగి తీగ ఎత్తుకుపోయారు. దొంగ దొరకలేదు. అప్పటి నుంచి ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు.

"రాగా?" గుంపులోంచి ఒక గొంతు. "లోపటికి పోయేటోడు లింగమూర్తి ఒక్కడే. తాళాలు ఆయన తాననే ఉంటయ్. బిడ్డనేమో ఇంత పెద్ద పెట్టె తెచ్చె. రాగి అని ఆమెనే అనవట్టె. ఇంకేం గావాలె అన్నా?"

"నోరు అదుపుల వెట్టుకో!" లింగమూర్తి అరిచాడు. ఎప్పుడూ గొంతెత్తని మనిషి. అరవడం చేతకాక గొంతు జీరపోయింది. "అది నా బిడ్డ సదువుకునే సామాను!"

"అయితే ఫ్యాన్ హౌస్‌ల దానికేం పనే? ఫ్యానుకు తప్ప దేనికి కరెంటు వాడద్దని దస్కత్ వెట్టినమా లేదా? నువ్వు పిలిచినవా, ఆమెనే వచ్చిందా?" అంది అదే గొంతు.

లింగమూర్తి చేతిలోని తాళాల వైపు చూసుకున్నాడు. అదే జవాబైంది.

నర్సింగం చెయ్యెత్తి అందరినీ ఆపాడు. "ఊకె లొల్లి వద్దు. బిడ్డా, మూత తీసి సూపియ్యి. అందరు సూస్తరు. ఒడిసిపోతది."

"మూత తీస్తే సచ్చిపోతది కాకా."

"సచ్చిపోతదా? పానంతోని ఉన్నదా ఏంది?"

"పానం లేదు. కని ఊపిరి వట్టుకుంటది."

"పానం లేంది ఊపిరెట్ల వట్టుకుంటదే?" వెనక నుంచి నవ్వు. "గీ సదువు సదివి మా లింగమూర్తి బిడ్డకు పురుగు కుట్టింది పో!"

ఆమె చెప్పబోయింది. పీత రక్తం, రాగి, చలి. మాటలు అడ్డదిడ్డంగా వచ్చాయి. నాలుగేళ్లు సెమినార్లలో చెప్పిన సంగతి ఆ రోడ్డు మీద నాలుగు ముక్కలు చెప్పలేకపోయింది. తప్పు విననివాళ్లది కాదు. వాళ్లు ఒక మనిషిని కడసారి చూడటానికి వచ్చారు. ఇప్పుడు దొంగను పట్టుకున్నామనుకుంటున్నారు. ఈ రెండింటి మధ్య పీతకు చోటు లేదు.

"కాకా, ప్లగ్గు వెట్టి రేపు పొద్దుగాల దాంక ఆగుండ్రి. చల్లవడ్డంక ఒక్క గొట్టం తీసి సూపిస్త."

"రేపటిదాంక లోపల ఏం నింపుతరో ఎవరికెర్క?" అంది గుంపులోని ఆ గొంతే.

డిస్‌ప్లే మైనస్ యాభై రెండు.

అప్పుడు లింగమూర్తి నడుముకు వేలాడదీసుకున్న గొలుసు విప్పాడు. తాళాల గుత్తి నర్సింగం ముందుకు చాపాడు.

"నా మీద నమ్మకం లేకపోతే ఇగో, తీస్కోండ్రి. నేను దిగిపోత. పెట్టె మాత్రం తెరువద్దు."

నర్సింగం గుత్తి వైపు చూశాడు. తీసుకోలేదు.

"నువ్వు దిగుతే ఫ్యాను ఎవలు నడుపుతరే? నీ రిలీవర్ ఆదిలాబాద్‌ల చిక్కవడ్డడు. ఫ్యాను ఆగితే గ్యాస్ నిండుతది. రేపు సమ్మె గెలిచి బాయిల దిగుతే మనోళ్లే సస్తరు. నువ్వు దిగద్దు. కని దొంగ అన్న మాట నెత్తి మీద వెట్టుకొని నువ్వు లోపట ఉండేది గూడ లేదు. నేనేం జెయ్యాలె జెప్పు?"

నిజంగానే అడిగాడు. నర్సింగానికీ దారి తెలియలేదు.

లింగమూర్తి కూతురి వైపు చూశాడు. తెరువు అనలేదు. వద్దు అని కూడా ఇంకోసారి అనలేదు. తాళాలు చాపిన చెయ్యి అలాగే గాల్లో ఉంది. ముప్పై ఏళ్లు ఆ గనికి గాలి పంపిన చెయ్యి.

సంధ్య ఒక్క క్షణం డిస్‌ప్లే చూసింది. తర్వాత తండ్రి చెయ్యి చూసింది. పెట్టె దగ్గరికి వెళ్లి ముందు బంతిపూల దండ తీసింది. దుప్పటి తాడు విప్పడం మొదలుపెట్టింది.

"అక్కా," అన్నాడు అనస్.

"గ్లౌజులియ్యి," అంది.

* * *

నలుగురు పట్టి పెట్టెను నేల మీదికి దించారు. మూత లేవగానే తెల్లటి ఆవిరి పెట్టె అంచుల మీదుగా పొంగి నేల మీదికి జారింది. ముందువరస వెనక్కి తగ్గింది. "గ్యాస్!" అన్నారెవరో. "గ్యాస్ గాదు, సల్లదనం," అన్నారింకెవరో.

"చూడుండ్రి కాకా. జల్ది చూడుండ్రి."

నర్సింగం వంగి చూశాడు. రాక్, గాజు గొట్టాలు.

"దీని కింద?"

"ఏం లేదు."

"నాకు నమ్మకమే బిడ్డా. కని వెనకున్నోళ్లకు నమ్మకం గావాలె. ఆ జాలీ బైటికి తియ్యి."

తీసింది. రాక్‌ను గుండెలకు దగ్గరగా పట్టుకుంది, ఆ గుండె వెచ్చదనం కూడా దానికి శత్రువేనని మరిచిపోయి, వెంటనే గుర్తొచ్చి చేతులు చాచి దూరంగా పట్టుకుంది. పెట్టె అడుగు ఖాళీగా కనిపించింది. తెల్లటి మంచు పొర తప్ప ఏమీ లేదు.

"అందరు సూడుండ్రి," అన్నాడు నర్సింగం. "ఒక్కొక్కలు రండ్రి. తోపులాట వద్దు. సూడనోడు రేపు నోరెత్తద్దు."

ఆ ఊళ్లో మనుషులకు వరుసలో నిలబడటం తెలుసు. టోపీ దీపాల కోసం ల్యాంపు రూములో నిలబడతారు, హాజరుకు నిలబడతారు, కడచూపుకు నిలబడతారు. ఇప్పుడూ అలాగే నిలబడ్డారు. ఒకరి వెనక ఒకరు, తొందర లేకుండా, మర్యాదగా వచ్చి పెట్టెలోకి వంగి చూసి, ఆమె చేతిలోని గొట్టాలు చూసి వెళ్లారు. కొందరు అలవాటు చొప్పున చేతులు జోడించారు. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేదనిపించింది. కోపం తెచ్చుకుని మూత దబ్బున వేసేది.

గొట్టాల బయట మంచు పట్టింది. మంచు కరిగి చుక్కలైంది. లోపల వంకాయ రంగు అంచుల దగ్గర మసకబారింది. ఒక గొట్టంలో ముందు గోధుమ రంగు, తర్వాత పక్క గొట్టంలో. అనస్ చొక్కా విప్పి రాక్‌కు నీడ పట్టాడు. ఎండను ఆపగలిగాడు. గాలిని ఎవరు ఆపుతారు?

వరుస చివరికి వచ్చేసరికి గొట్టాలన్నీ ఆకుపచ్చగా ఉన్నాయి. వాన పడ్డాక మొలిచే గరిక రంగు. చక్కటి రంగు. అందరికీ నచ్చే రంగు.

చివర ఉన్నది సారవ్వ. గేటు ముందు సమ్మె వంట చేసే ముసలామె. ఆమె భర్త చాలా ఏళ్ల కింద ఇదే గనిలో పోయాడు. ఇదే గేటు ముందు పడుకోబెట్టారు. సారవ్వ పెట్టెలోకి చూడలేదు. గొట్టాల వైపు చూసింది, తర్వాత పిల్ల ముఖం చూసింది.

"పచ్చగైంది గద బిడ్డా," అంది. "మంచిదేనా?"

సంధ్య గ్లౌజు వేలితో ఒక గొట్టం మీది తడి తుడిచింది.

* * *

"రాగి లేదు, ఏం లేదు," అన్నాడు నర్సింగం అందరికీ వినపడేలా. "లింగమూర్తి మీద ఎవడన్న మాటంటే నాలిక తెగ్గోస్త. అనుమానపడ్డోడు వచ్చి మాఫీ అడుగుండ్రి."

ఇందాక గుంపులోంచి దొంగతనం అంటగట్టిన మనిషి వచ్చి లింగమూర్తి చెయ్యి పట్టుకున్నాడు. లింగమూర్తి తల ఊపి తాళాలు నడుముకు తగిలించుకున్నాడు. గొలుసు కొక్కెం పెట్టుకోవడానికి చాలాసేపు పట్టింది.

నర్సింగం సంధ్య దగ్గరికి వచ్చాడు. గొంతు తగ్గించాడు.

"ప్లగ్గు వెట్టుకోరాదు బిడ్డా ఇగ. నేను జెప్తున్న గద. ఎవ్వలేమనరు. సమ్మె ఒడిసేదాంక ఉంచుకో."

నలుగురు యువకులు వచ్చి ఎంతో జాగ్రత్తగా పెట్టెను మోసి ఫ్యాన్ హౌస్‌లో పెట్టారు. ఒకడు తన తలగుడ్డతో దాని మీద దుమ్ము తుడిచాడు. లింగమూర్తి పాత ప్లగ్గులో పిన్ను పెట్టాడు. మోటారు గుర్రుమంది. సంధ్య రాక్‌ను లోపల పెట్టి మూత వేసింది. ఎందుకు పెట్టిందో ఆమెకే తెలియదు. చేతిలో పట్టుకుని ఎంతసేపు నిలబడుతుంది?

"ఇంకోపాలి చెయ్యరాదా బిడ్డా?" అన్నాడు లింగమూర్తి. ఫ్యాను రొదలో అతని మాట సగమే వినిపించింది. "ఇగ మల్ల కరెంటుకు ఫికర్ లేదు గద."

ఆమె తల ఊపింది. చౌరస్తాలో తల దించుకున్నట్టే.

ఫోన్ మోగింది. సదానందం సార్. మోగి మోగి ఆగిపోయింది. అనస్ గుమ్మం దగ్గర కూర్చుని, చేతిలో దండలోంచి ఒక్కో బంతిరేకు తెంపుతూ ఆ ఫోన్ వైపే చూస్తున్నాడు. బయట జలాలుద్దీన్ ట్రాలీ తిప్పుకుంటున్నాడు. డప్పు మళ్లీ మొదలైంది, మొదట ఒక్కటి, మెల్లగా.

సారవ్వ విస్తరాకులో అన్నం, పప్పు పెట్టుకుని లోపలికి వచ్చింది. సమ్మె వంట. ఆ రోడ్డు మీద అందరూ తినేదే. సంధ్య పక్కన నేల మీద కూలబడి ఆకు ఆమె ఒళ్లో పెట్టింది.

"ఆకలైతలేదవ్వా."

"అయితదని నేనన్ననా? సావైన ఇంట్ల ఆ పూట పొయ్యి ముట్టియ్యరు. పక్కింటోళ్లే తెచ్చి వెట్టాలె," అంది సారవ్వ. పప్పు కలిపి ముద్ద చేసింది. "నోరు తెరువు."

సంధ్య నోరు తెరిచింది. ముద్ద వెచ్చగా ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు ఆ వెచ్చదనానికి వచ్చింది. సారవ్వ వీపు నిమరలేదు, ఊరుకోమనలేదు. రెండో ముద్ద కలిపి చేతిలో పట్టుకుని ఆగింది.

డిస్‌ప్లే మైనస్ ముప్పై ఒకటి చూపిస్తోంది. పెట్టె మళ్లీ చల్లబడుతోంది.